క్లాసు అనుభవాల మీద రాసిన వ్యాసం జర్నల్‌లో రావాలంటే?

ప్రశ్న: ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగాలి అన్నదాని మీద, ఒక సెమిస్టర్ నోట్సు ఆధారంగా 4,000 పదాల వ్యాసం సిద్ధమైంది. ఒక జర్నల్ రివ్యూకి కూడా పంపకుండా "వర్ణనే తప్ప విశ్లేషణ లేదు" అని తిప్పిపంపింది. ఏం మార్చాలి? విద్యార్థుల మాటలు వాడుకోవచ్చా?

జవాబు 1: రివ్యూ దాకా వెళ్ళలేదంటే కారణం సాధారణంగా ఇదేనండీ: ఏం జరిగిందో రాస్తారు, దానివల్ల మీ ఆలోచన ఎక్కడ మారిందో రాయరు. అనుభవాన్ని సమీక్షించుకోడానికి గిబ్స్ 1988లో చెప్పిన ఆరు దశల్నీ (మొదటిది వర్ణన) ఉపశీర్షికలుగా పెట్టేస్తే ఇది ఇంకా ముదురుతుంది, మొదటి దశ వర్ణనే సగం వ్యాసం తినేస్తుంది. సంఘటనని 600 పదాలు దాటనివ్వకండి.

"విద్యార్థులు చురుగ్గా స్పందించారు" అంటే ఎడిటర్‌కి ఏమీ దొరకదు. ఇలా రాసి చూడండి: "ఐదో వారం నుంచి 4 సెకన్లు ఆగాను. జవాబులు పెరిగాయి, కానీ ఎప్పుడూ జవాబు చెప్పే ఆ ముగ్గురి నుంచే. మౌనంగా ఉంటే ఆలోచిస్తున్నారనుకున్నాను, మిగతావాళ్ళు ఆ ముగ్గురి కోసం ఎదురుచూస్తున్నారు." వాదం ఇక్కడ పుడుతుంది. టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరనీ, 3 సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరుగుతుందనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. మీ క్లాసు ఆ ఫలితంతో ఎక్కడ పొసగలేదో అదే మీరు చెప్పాల్సిన కొత్త సంగతి.

జవాబు 2: విద్యార్థుల మాటల విషయంలో జాగ్రత్త. పరిశోధనల్లో నైతికతని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ మాటలు సేకరించడానికి ముందే ఉండాలి, అయిపోయాక అడిగితే చాలాచోట్ల ఇవ్వరు. అది లేకపోతే మాటలు తీసేసి, మీ నిర్ణయాల మీదే వ్యాసం నిలబెట్టండి. పేరు మార్చడం ఒక్కటే చాలదు, "మొదటి బెంచీలో ఎప్పుడూ ప్రశ్నలడిగే అమ్మాయి" అంటే క్లాసంతా గుర్తుపడుతుంది. ఇకముందు సమ్మతి తీసుకునేటప్పుడు, మార్కులు ఖరారయ్యాక, వేరే అధ్యాపకుల చేత అడిగించండి. మార్కులు వేసేవాళ్ళే అడిగితే కాదనడం కష్టం.

జవాబు 3: పై రెండూ నిజం. జర్నల్ ఎంపిక కూడా చూడండి. గత రెండేళ్ళ సంచికల్లో "నేను" అని రాసిన వ్యాసాలు లేకపోతే అక్కడికి పంపడం వృథా. 2000 నుంచి వస్తున్న "రిఫ్లెక్టివ్ ప్రాక్టీస్" లాంటి జర్నల్స్ ఇలాంటి రచనల కోసమే ఉన్నాయి. ఒకసారి ఒక జర్నల్‌కే పంపాలి. పేరు దాచి పంపమంటే కాలేజీ పేరు, కృతజ్ఞతలతో పాటు ఫైల్ ప్రాపర్టీస్‌లో ఉన్న మీ పేరూ తీసేయండి, చాలామంది అది మర్చిపోతారు.