1/48 కేట్: ఆకుపచ్చ మీద తెల్ల మసక ఎలా పోగొట్టాలి? డెకాల్స్ మీద కూడా ఒక సందేహం

వాల్తేరు_వాసు (చెన్నై)

నమస్కారమండీ. ఊరు విశాఖ, ఉద్యోగం చెన్నైలో, ఉండేది వేళచేరిలో. మూడు నెలలుగా హాసెగావా కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్ ఒకటి, 1/48 సైజు బి5ఎన్2, చేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల వాళ్లు కేట్ అని పిలిచిన జపాన్ నకాజిమా విమానం. ఇదివరకు రెండు జీరోలు (జపాన్ ఫైటర్లు) చేశాను. ఇది మాత్రం మా అమ్మమ్మ కోసం.

1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి అమ్మమ్మకి తొమ్మిదేళ్లు, వన్‌టౌన్‌లో ఇల్లు. పొయ్యి మీది అన్నం గిన్నె పొయ్యి మీదే వదిలేసి ఎడ్లబండి కట్టుకుని చోడవరం వెళ్లిపోయారట. "జపానోడి బాంబు" అని ఇప్పటికీ చెబుతుంది. పోయిన వేసవిలో బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లి, అప్పుడు పేలకుండా మిగిలిపోయిన బాంబు చూపించాను. దాని ముందు చాలాసేపు నిలబడింది. "ఇది సరే, దీన్ని మోసుకొచ్చింది ఎలాగుంటాదిరా?" అని అడిగింది. ఇంటికి రాగానే కిట్ ఆర్డర్ పెట్టేశాను.

కాక్‌పిట్, ఇంజిన్ అయిపోయాయి. చక్రాల గూళ్లకి వెండి రంగు కొట్టి, దాని మీద టామియా క్లియర్ బ్లూ, క్లియర్ గ్రీన్ కలిపి పల్చగా పట్టించాను. అఓతకే, అంటే పచ్చ వెదురు రంగు, బాగానే వచ్చింది. లైటు కింద తిప్పితే లోపలి నుంచి లోహం మెరుస్తోంది.

చిక్కు పైన వచ్చింది. శనివారం వాన వెలిశాక మేడ మీది గదిలో మిస్టర్ కలర్ లాకర్ రంగుల్లో 15 నంబరు ఆకుపచ్చ కొట్టాను. ఎయిర్‌బ్రష్ కింద పెట్టేలోపు ఎడమ రెక్క మొదటి నుంచి మడత గీత దాకా తెల్లగా మసకేసింది, ఇడ్లీ పాత్ర మూత లోపల ఆవిరి పట్టినట్టు. తుడిస్తే పోవడం లేదు. రంగు పల్చన చేయడానికి కలిపిన థిన్నర్ హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నరే. మొత్తం రంగు తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా? రెక్కల మీది సన్నటి గీతలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

రెండోది, పెట్టెలో ఇచ్చిన డెకాల్స్, అంటే విమానం మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు, పెర్ల్ హార్బర్ దాడి విమానాలవి. ఎర్ర తోక మీద మూడు పసుపు గీతలున్నది చాలా అందంగా ఉంది. అది వాడేయొచ్చా?

మల్లేశ్వరం_మేడగది (బెంగళూరు)

వాసు గారూ, ఏమీ తీయొద్దు. దీన్ని బ్లషింగ్ అంటారు. థిన్నర్ వేగంగా ఆరిపోతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీరై రంగు పొరలోకి దిగుతుంది. ఆ నీటి పొడే మీకు తెల్లగా కనిపిస్తోంది. ఎన్‌సీ థిన్నర్ మరీ తొందరగా ఆరుతుంది కాబట్టి వానాకాలం చెన్నైలో అది ఈ పనికి పనికిరాదు. పైగా ప్లాస్టిక్‌ని కూడా కొరుకుతుంది.

మిస్టర్ లెవలింగ్ థిన్నర్ తెప్పించండి. అందులో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది. రంగు లేకుండా ఒట్టి థిన్నర్‌నే గాలి ఒత్తిడి తగ్గించి మసక మీద మంచు పడ్డట్టు కొట్టండి. పై పొర కాస్త కరిగి, లోపలి తేమ బయటికి పోయి, మళ్లీ ఆకుపచ్చ తేలుతుంది. ఒక్కసారిగా తడిపేయకూడదు, రంగు జారిపోతుంది. నాలుగు విడతలు, మధ్యలో పది నిమిషాలు ఆగాలి.

కంప్రెసర్‌కి తేమ పట్టే ట్రాప్ ఉందా? గొట్టంలో నీళ్లు చేరితే రంగులో చుక్కలుగా పడతాయి, అది వేరే బాధ. నేను రంగు వేసే ముందు అరగంట ఏసీ నడిపి గది ఆరబెడతాను. ఆ తర్వాత ఏసీ ఆపి, కిటికీకి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని, మాస్క్ పెట్టుకుని మొదలుపెడతాను. మూసిన గదిలో లాకర్ ఆవిరి పీల్చొద్దు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మా బెంగళూరులో కూడా జూలై చినుకుల్లో ఇదే గొడవ.

కాకినాడ_కుర్రాడు (చెన్నై)

అన్నా, మా ఊరి పేరు కూడా చెప్పావు, సంతోషం. డెకాల్స్ మాత్రం వద్దు. ఆ ఎర్ర తోక విమానం అకాగి నౌకది. పెర్ల్ హార్బర్ దాడికి నాయకత్వం వహించిన ఫుచిదా మిత్సువో కూర్చున్నది, తోక మీద ఏఐ-301 అని ఉండేది. ర్యూజో అసలు పెర్ల్ హార్బర్‌కి వెళ్లనే లేదు. ఆ రోజు ఫిలిప్పీన్స్‌లో దవావో మీద దాడికి వెళ్లింది. మన తీరానికి వచ్చినప్పుడు కూడా అది ఒజావా జిసబురో దళంలో ఉంది. ముందు రోజు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద పడింది నగుమో దళం, అకాగి ఉన్నది అందులో.

విమానం ఒంటి చుట్టూ ఉండే పట్టీ చూసినా నౌక తెలిసిపోతుంది. అకాగికి ఒక ఎర్ర పట్టీ, కాగాకి రెండు. సోర్యూకి ఒక నీలం, హిర్యూకి రెండు. షోకాకుకి ఒక తెల్లది, జుయికాకుకి రెండు. నువ్వు అకాగి పట్టీ అతికించి విశాఖ మీదికొచ్చిన విమానం అంటే, తెలిసినవాడు చూసిన మొదటి నిమిషంలోనే పట్టేస్తాడు.

తోక మీద వేయడానికి ర్యూజో అక్షరాలు కావాలంటే ఒక దారి ఉంది. అదే ఏడాది జూన్‌లో అలాస్కా దగ్గర అకుటాన్ దీవిలో దిగబడి, అమెరికన్లకి దాదాపు చెక్కుచెదరకుండా దొరికిన జీరో ర్యూజోదే. దాని తోక మీద డీఐ-108 అని ఉంది. ఆ తోక అంకెల్లో ఫైటర్లకి వందలు, డైవ్ బాంబర్లకి రెండు వందలు, కేట్ లాంటి అటాక్ విమానాలకి మూడు వందల అంకెలు. ఫుచిదా విమానానికి 301 వచ్చింది అందుకే. ఇంకోటి, పెట్టెలో ఉన్న టార్పెడో తగిలించకు. మన ఊళ్ల మీద పడ్డవి బాంబులు.

లక్ష్మీ_బ్రష్‌వర్క్ (బెంగళూరు)

కానపీ, అదే కాక్‌పిట్ మీది అద్దపు మూత, ఇంకా అతికించలేదు కదా వాసు గారూ? సూపర్ గ్లూ దాని దరిదాపులకి రానివ్వకండి. దాని ఆవిరికి అద్దం లోపల తెల్లటి పొర కడుతుంది, చెన్నై తేమలో ఇంకా తొందరగా. అతికించాక లోపలికి వేలు పెట్టి తుడవలేం. నేను ఫెవికాలే వాడతాను. టూత్‌పిక్ కొనతో అంచు వెంబడి సన్నగా పూసి, కూర్చోబెట్టి, బయటికొచ్చింది తడి ఇయర్ బడ్‌తో తుడిచేస్తే ఆరాక జాడ కూడా ఉండదు.

కేట్ కానపీ పొడవు, గళ్లు ఎక్కువ. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. టేపు ముక్క వేశాక చెక్క పుల్లతో ఫ్రేము అంచుల్లోకి నొక్కండి. టేబుల్ లైటు పక్కకి వంచి పెడితే ఆ అంచు టేపు కింద సన్నటి నీడగా కనిపిస్తుంది. కొత్త బ్లేడుతో, బరువు వేయకుండా, ఆ నీడ వెంబడే లాగాలి. గట్టిగా నొక్కితే అద్దం మీద గీత పడుతుంది. నేను మూడు గళ్లకో బ్లేడు మారుస్తాను. ముందు లోపలి రంగు కొట్టి, దాని మీద బయటి ఆకుపచ్చ కొట్టండి, లోపలి నుంచి చూస్తే కాక్‌పిట్ రంగే కనిపిస్తుంది.

రంగు రాలినట్టు చూపించే మోజులో పడొద్దని కూడా నా మనవి. జపాన్ విమానం అనగానే అందరూ వెండి మచ్చలు విపరీతంగా పెట్టేస్తున్నారు. అలా రాలిపోయినవి ఎక్కువగా దీవుల్లో ఎండకీ వానకీ బయటే పడి ఉన్నవి. నౌక లోపల హ్యాంగర్‌లో ఉండే విమానాన్ని చూసుకునే మనుషులున్నారు. రెక్క మొదట్లో, పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట కొంచెం అరుగుదల చాలు.

వాల్తేరు_వాసు (చెన్నై)

అందరికీ చాలా థాంక్స్. పది రోజులు పట్టింది జవాబు రాయడానికి.

మేడగది గారూ, మీరు చెప్పినట్టే ఒట్టి లెవలింగ్ థిన్నర్ కొట్టాను. రెండో విడతకి మసక సగం పోయింది, మూడో విడతకి ఆకుపచ్చ తేటగా బయటపడింది. గీతలు ఒక్కటి కూడా పోలేదు. ట్రాప్ లేదు, కొన్నాను. మొదటి రోజే అడుగున చెంచాడు నీళ్లు చేరాయి. ఇన్నాళ్లూ అవి విమానం మీదికే వెళ్తున్నాయన్నమాట.

డెకాల్స్ పెట్టెలోనే ఉంచేశాను. ఎర్ర సూర్యుడి గుర్తులకి టేపులో గుండ్రాలు కోసి, ముందు తెలుపు, దాని మీద ఎరుపు కొట్టాను. డెకాల్ కంటే ఇదే నాకు నచ్చింది, రివెట్ల మీద రంగు ఒదిగి కూర్చుంది. అంచు పట్టుకుంటే చేతికి తగిలేలా చిన్న మెట్టు వచ్చింది, 2000 నంబరు గరుకు కాగితాన్ని తడిపి మెల్లగా రుద్దితే అణిగింది. తోక మీద మాత్రం ఏమీ రాయలేదు తమ్ముడూ. ఫలానా అంకె వేసి అమ్మమ్మకి "ఇదే వచ్చింది" అని చెప్పడానికి మనసొప్పలేదు. ర్యూజో కూడా ఆ ఆగస్టు 24నే మునిగిపోయింది కదా.

లక్ష్మి గారూ, కానపీకి ఐదు రాత్రులు, తొమ్మిది బ్లేడ్లు. ఒక గడిలో వెంట్రుకవాసి గీత పడింది, అది వెనక గన్నర్ వైపు, అలాగే ఉంచేశాను.

నిన్న వీడియో కాల్‌లో చూపించాను. ఫోను దగ్గరికి పెట్టించుకుని, "మనుషులు ఎక్కడ కూర్చుంటార్రా?" అంది. పైలట్, మధ్యలో దారి చూసేవాడు, వెనక రేడియో, గన్ చూసుకునేవాడు అని వేలు పెట్టి చూపించాను. "ముగ్గురేనా?" అని ఊరుకుంది. కాసేపాగి, రెక్కలు నిజంగా మడుస్తారా అని అడిగింది.

సంక్రాంతికి పట్టుకెళ్తున్నాను. అట్టపెట్టెలో స్పాంజి కోసి రెక్కలు ఒదిగేలా గూడు చేశాను, ప్రొపెల్లరూ యాంటెన్నా కర్రా అక్కడికెళ్లాక పెడతాను. రైల్లో ఒళ్లోనే పెట్టుకోవాలి, పై బెర్తు మీద పెట్టలేను.