సెక్షన్‌లో నేల వాలు కనిపించేలా ఎలా గీయాలి?

మైపాడు దగ్గర ఒక తోటకి ఆటోక్యాడ్‌లో సైట్ ప్లాన్, సెక్షన్ (నేలని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీస్తున్నానండీ. సముద్రపు ఒడ్డు ఇసుక నేల కదా, 150 మీటర్ల పొడవుకి వాలు మీటరున్నర కూడా లేదు, 1:200 స్కేల్‌లో అది కాగితం మీద 7 మిల్లీమీటర్లే, ఇక క్లయింటు చూసి వాలు ఎక్కడుంది అంటున్నారు. పోనీ ఎత్తు ఒక్కటే 5 రెట్లు పెంచితే సరుగుడు చెట్లు కూడా సాగిపోయి సెల్ టవర్లలా ఉన్నాయి. నేల గీత మాత్రం పెంచి చెట్ల బ్లాకులు (రెడీమేడ్ చెట్టు బొమ్మలు) మామూలుగా ఉంచితే తప్పా? అప్పుడు షీట్ మీద స్కేల్ ఏమని రాయాలి?

ఇంకోటి, సర్వేయర్ ఇచ్చిన ఫైల్ యూటీఎం జోన్ 44లో (భూమి మీద స్థానాన్ని మీటర్లలో చెప్పే కోఆర్డినేట్లు) ఉంది, అంకెలు అంత పెద్దవి కావడం వల్లేమో లాన్ హ్యాచ్ (గడ్డిని చూపడానికి నింపే ప్యాటర్న్) చెదిరిపోతోంది. హ్యాచ్ ఆరిజిన్ (ప్యాటర్న్ మొదలయ్యే బిందువు) మారిస్తే చాలా, సైట్ మొత్తాన్నీ సున్నా దగ్గరికి జరపాలా? జరిపితే మళ్ళీ సర్వేతో కలవదేమోనని టెన్షన్. సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్ కొనమని మాత్రం చెప్పకండి.