అప్‌డేట్: ఇద్దరి క్రెడిట్ కార్డుల బాకీ తీరిపోయింది

మా ఆయన పేరున రెండు క్రెడిట్ కార్డులు, నా పేరున ఒకటి, మూడింటి మీదా బాకీ. బ్యాంకుతో సెటిల్‌మెంట్ (బాకీలో కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకోవడం) మాట్లాడుకోవాలా, నగలు పెట్టి కట్టేయాలా అని అప్పట్లో ఇక్కడ అడిగాను. మొత్తం తీరిపోయింది. ఓపిగ్గా సమాధానాలు రాసినవాళ్లందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది గోల్డ్ లోన్ సలహానే. కార్డుల మీద నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ పడుతోంది. నెలనెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) కడుతున్నా, అందులో చాలావరకు వడ్డీకీ, దాని మీద 18 శాతం జీఎస్టీకీ పోయేది. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన పాల ప్యాకెట్ మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ! నా గాజులు పెట్టి మూడు కార్డులూ ఒకేసారి కట్టేశాం. తర్వాత జీతాలు పడగానే ఇద్దరం ముందు గోల్డ్ లోన్‌కే కట్టేవాళ్లం. గాజులు ఇంటికొచ్చేశాయి, ఎంత హాయిగా ఉందో.

సెటిల్‌మెంట్ వద్దన్నవాళ్లదే కరెక్టు. మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే రేపు ఇంటి లోన్ కష్టమని బ్యాంకు మేనేజర్ కూడా చెప్పారు.

మా ఆయన సిబిల్ స్కోరు తగ్గితే నాదీ తగ్గుతుందని పెట్టుకున్న టెన్షన్ మాత్రం అనవసరం. జాయింట్ లోనో, హామీ సంతకమో ఉంటే తప్ప ఎవరి రిపోర్టు వాళ్లదే.

కార్డు మూసేయమని అడిగితే, బాకీ లేనప్పుడు బ్యాంకు 7 పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకివ్వాలి, ఇది 2022 నాటి ఆర్‌బీఐ నిబంధన. నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) అడిగి తీసుకోండి.