పిల్లల పుస్తకం రాసినవాళ్లే దాన్ని అమ్ముకుంటూ తిరగాలా?

విశాఖ_కథలత్తయ్య:
అందరికీ నమస్కారం. పిల్లల కథలు రాస్తుంటాను. దినపత్రికల పిల్లల పేజీల్లో వచ్చిన నా కథల్లోంచి కొన్ని ఏరి కిందటేడు పుస్తకం వేశాను. 32 పేజీలు, రంగుల బొమ్మలు, వెల 100 రూపాయలు, 1000 కాపీలు. ఆవిష్కరణ సభ బాగానే జరిగింది. సాటి రచయితలు మెచ్చుకున్నారు. ఆ తర్వాత కదలిక లేదు. కట్టలన్నీ మంచం కిందే ఉన్నాయి.

మా అమ్మాయి, తెలిసిన ప్రచురణకర్త ఒకాయన ఇద్దరూ ఒకటే మాట. "ఈ రోజుల్లో రాసి ఊరుకుంటే కుదరదు, రీల్స్ చెయ్యాలి, ఇన్‌స్టాలో పేజీ పెట్టాలి, యూట్యూబ్‌లో కథలు చెప్పాలి" అంటున్నారు. రెండో పుస్తకం సగంలో ఉంది. నాకు రోజూ దొరికేది పొద్దున్న గంటో గంటన్నరో. దాన్ని దేనికి పెట్టాలి? పిల్లల రచయిత తన పుస్తకాన్ని తనే ప్రచారం చేసుకోవాలా, రాసి పక్కకు తప్పుకోవాలా? ఈ మధ్య కలం పట్టుకుంటే ఎవరు చదువుతారులే అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చందమామ_పాఠకుడు:
మేడమ్, సూటిగా చెబుతాను. రచయిత ప్రచారంలో పడితే రాత చెడుతుంది.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు గారు. కానీ సంపాదకుడిగా పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో ఏళ్ల తరబడి జానపద సీరియళ్లు రాశారు. ఒక్కదాని మీదా ఆయన పేరు ఉండేది కాదు. అయినా ఊళ్లకు ఊళ్లు చదివాయి. కోటలో చిక్కుకున్న కుర్రాడు బయటపడ్డాడా లేదా అన్నదే మాకు ప్రాణం. రాసిందెవరో మేం అడగలేదు, ఇప్పటి పిల్లలూ అడగరు.

మీరు రీల్ చేస్తే చూసేది పెద్దవాళ్లు. లైకు కొట్టేదీ వాళ్లే. నాలుగు నెలలు పోయాక కథ రాయడానికి కూర్చుంటే పెద్దవాళ్లకు నచ్చే నీతి ముక్కలే చేతికొస్తాయి. ఆ గంటన్నరా రెండో పుస్తకానికే పెట్టండి.

బెజవాడ_అచ్చు:
చందమామ సంగతి ఎత్తినప్పుడు మొత్తం లెక్క చెప్పాలి కదండీ. సుబ్రహ్మణ్యం గారు ఆ పత్రిక సంపాదక వర్గంలో పనిచేసిన మనిషి. వెనక పత్రిక పెట్టిన నాగిరెడ్డి గారి ప్రెస్సు, ఊరూరా ఏజెంట్లు ఉన్నారు. రాసినాయన పుస్తకం మోయాల్సిన పనిలేదు, మోసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇవాళ సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసినావిడకు ఆనాటి ఉదాహరణ ఎలా సరిపోతుంది?

నాది ప్రెస్సు, కొంచెం ప్రచురణ కూడా. మేడమ్ పుస్తకం ఎందుకు కదలలేదో చూడకుండానే చెప్పగలను. 32 పేజీలంటే సెంటర్ పిన్ కొట్టి ఉంటారు. దానికి వీపు, అంటే పేరు వేసే పక్క అంచు, ఉండదు. దుకాణంలో అరలో నిలబెడితే పేరు కనపడదు. రెండు లావుపాటి నవలల మధ్య ఇరుక్కుంటే కొట్టు యజమానికి కూడా అది ఉన్నట్టు గుర్తుండదు. అట్ట కనపడేలా బల్లమీద పరిస్తేనే పిల్లల పుస్తకం అమ్ముడవుతుంది. అంత చోటు దుకాణాల్లో ఎవరిస్తారు?

ఇక డబ్బు. 100 రూపాయల పుస్తకానికి దుకాణం 40 తీసుకుంటుంది. మిగిలిన 60లోనే కాగితం, అచ్చు, బొమ్మల ఖర్చు రావాలి. 1000 ఎందుకు వేస్తారంటే, నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చెయ్యాలి. 200 కాపీలకైనా 1000కైనా ప్లేట్ల ఖర్చు ఒకటే. కాపీలు పెరిగితే ఒక్కో పుస్తకం చవకవుతుంది. అందుకని అందరూ వెయ్యి అంటారు, మంచం కింద పెట్టుకుంటారు. కాబట్టి రాసి ఊరుకోవడం అనేది కుదరని పని. మీరు మొయ్యకపోతే ఎవరూ మొయ్యరు.

పాలమూరు_సార్:
నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఇద్దరూ పెద్దవాళ్ల చుట్టూనే తిరుగుతున్నరు. రీల్ పెద్దవాళ్లకే, పుస్తకాల దుకాణం పెద్దవాళ్లకే. మేడమ్ గారి ఆవిష్కరణ సభలో పిల్లలు ఎంతమంది ఉన్నరు? నేను వెళ్లిన పిల్లల పుస్తకాల సభల్లో వేదికమీద శాలువాలు, కింద రచయితలు. చేతుల్లో ఉచిత ప్రతులు. ఎవరికోసం రాసిన్రో వాళ్లు ఒక్కరూ లేరు.

మా బడి సంగతి చెప్తా. బీరువాలో పుస్తకాలు ఉన్నయి, బీరువాకు తాళం ఉంది. స్టాక్ రిజిస్టర్ల రాసి ఉంటది కాబట్టి చిరిగితే జవాబు చెప్పాలె అని భయం. నేను హెచ్‌ఎం గారిని ఒప్పించి తరగతిలో గోడకు తాడు కట్టి క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీసిన. వారం రోజుల్లో ఏది బాగా నలిగిందో చూస్తే చాలు, పిల్లలకు ఏది నచ్చిందో తెలుస్తది. కొన్ని అట్టలూడినయి. పేరున్నవాళ్లు రాసినవి కొన్ని కొత్తగానే ఉన్నయి.

ఒకసారి ఒక రచయిత్రి గారు మా బడికొచ్చి నాలుగో తరగతికి తన కథ చదివిన్రు. తప్పిపోయిన మేకపిల్ల కథ. రెండో పేజీలోనే ఒక పిల్ల లేచి "టీచర్, మేకపిల్లకు పేరు లేదా?" అన్నది. ఆమె ఆగిపోయిన్రు. కథలో పేరు లేదు. పిల్లలే పది పేర్లు చెప్పిన్రు, గొడవపడి ఒకటి ఖాయం చేసిన్రు. అక్కడినుంచి ఆ పేరుతోనే చదవమన్నరు. చివరి పేరాలో "కాబట్టి పిల్లలూ, పెద్దల మాట వినాలి" అని వచ్చేసరికి వెనక బెంచీవాళ్లు అప్పటికే బ్యాగులు సర్దుతున్నరు. ఆమె ఆ పేరాను అక్కడే పెన్నుతో కొట్టేసిన్రు. మేడమ్, ఇది ప్రచారమా రాతపనా? నాకు రెండూ ఒకటే అనిపించింది.

విశాఖ_కథలత్తయ్య:
సార్, చదువుతుంటే ఆ తరగతిలో కూర్చున్నట్టుంది. కానీ నా అనుభవం వేరు. మా ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్లాను. కథ చదువుతానంటే సేల్స్ మనిషిని చూసినట్టు చూశారు. ముందు పాతిక కాపీలు ఉచితంగా ఇమ్మన్నారు, ఆ తర్వాత అమ్మిన వాటిలో వాటా అడిగారు. పిల్లల్ని చూడనివ్వలేదు. ఇంటికొచ్చి రెండు వారాలు ఏమీ రాయలేకపోయాను.

పాలమూరు_సార్:
అమ్మడానికని వెళ్లకండి మేడమ్. సంచిలో రెండే కాపీలు పెట్టుకొని వెళ్లండి. ఒకటి చదవడానికి, ఒకటి బడికి ఇచ్చిరావడానికి. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే టీచర్‌తో ముందు మాట్లాడండి, హెచ్‌ఎం అనుమతి ఆయనే తీసుకుంటడు. ఆడ వాటాలు అడిగేవాళ్లు ఉండరు. టీచర్‌కు నచ్చితే ఇంకో పది బళ్లకు ఆయనే చెప్తడు. మాకు వాట్సాప్ గ్రూపులకేం కొదవ లేదు.

డల్లాస్_అమ్మ:
నేను కొనేవైపు నుంచి చెబుతాను. మా పాపకు ఎనిమిదేళ్లు. వారాంతాల్లో తెలుగు క్లాసుకు వెళ్తుంది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతుంది. "స్నేహితుడు" దగ్గర ఆగుతుంది, "రాష్ట్రం" దగ్గర పుస్తకం మూసేస్తుంది. నాకు పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు వాక్యాలు, వత్తులు తక్కువ ఉన్న కథలు కావాలి. ఇండియా వచ్చినప్పుడల్లా వెతుకుతాను. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, ఇక్కడి తెలుగు సంఘం తానాతో కలిసి వాళ్లు వేసినవి తెచ్చుకున్నాం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదివిస్తాను. విడిగా పుస్తకం వేసుకున్న రచయితలు ఉన్నారన్న సంగతే నాకు తెలియదు. మీ పుస్తకం గురించి ఇవాళే మొదటిసారి వింటున్నాను.

కాబట్టి వీడియో వద్దనకండి. రీల్ వద్దు, సంగీతం వద్దు, మీ ముఖం కూడా అక్కర్లేదు. పుస్తకం పేజీ కనపడుతుండగా మీ గొంతుతో నెమ్మదిగా ఒక కథ చదవండి. ఐదు నిమిషాలు చాలు. మా పాప ఆ గొంతు వెంట చదువుతుంది. ఇక్కడ అమ్మమ్మలు దగ్గర లేని పిల్లలకు అది చాలా పెద్ద విషయం.

చందమామ_పాఠకుడు:
పాలమూరు సార్ చెప్పినదాంతో నాకు పేచీ లేదు. బడికి వెళ్లి కథ చదవడం ప్రచారం కిందికి రాదు. వీడియో మాత్రం వద్దనే అంటాను. కథ యూట్యూబ్‌లో పెట్టిన మర్నాడే ఇంకొక ఛానల్ వాడు దాన్ని ఎత్తి, కంప్యూటర్ గొంతు పెట్టి, మెరిసే బొమ్మలు తగిలించి వదులుతున్నాడు. మన పేరు ఉండదు. తెలుగులో పిల్లల కథ రాసినవాళ్లు కోర్టుకు వెళ్లగలరా?

బెజవాడ_అచ్చు:
వెళ్లకపోయినా హక్కు పోదు సార్. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పుస్తకం వెల, తేదీ, పేరుతో అచ్చయి ఉంది కాబట్టి ఎవరిది ముందో తేలిపోతుంది. యూట్యూబ్‌కు ఫిర్యాదు పెడితే తీసేస్తారు.

స్టోరీవీవర్ గురించి డల్లాస్ మేడమ్ చెప్పారు కాబట్టి ఒక జాగ్రత్త. 2015లో మొదలైన మంచి వేదిక అది, కాదనను. కానీ అక్కడ కథ పెడితే రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. పిల్లలకు చేరడమే ముఖ్యం అనుకుంటే పెట్టండి. పుస్తకం మొత్తం పెట్టకండి. ఒక్క కథ చాలు.

బొమ్మల_బాబు:
ఒక్క మాట. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. చాలామంది రచయితలు బొమ్మలేసినవాళ్ల పేరు లోపల చిన్నక్షరాల్లో వేస్తారు. అట్టమీద వేసి చూడండి. నా పేరు అట్టమీద ఉన్న పుస్తకాన్ని నేను పదిమందికి చూపిస్తాను, నా పేజీలో పెడతాను, నేను వెళ్లే బొమ్మల వర్క్‌షాపులకు పట్టుకెళ్తాను. మోసే భారం రచయిత ఒక్కరిదే అనుకుంటున్నారు ఇక్కడ అందరూ.

నెల్లూరు_తాత:
అమ్మా, మీరు మొదట అడిగినదానిలో ఒకటి అందరూ వదిలేశారు. రాయబుద్ధి కావడం లేదన్నారు. నాకు అదే పెద్ద విషయం.

చిన్నప్పటి నుంచి పిల్లల పత్రికలకు రాస్తున్నాను. బాలమిత్ర, బొమ్మరిల్లు, బుజ్జాయి, ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. ప్రతిసారీ ఇక ఎవరికి రాయాలి అనిపించేది. అవార్డు వస్తుందని రాసేవాళ్లను చూశాను. సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 2010లో మొదలైంది, 50,000 రూపాయలు. ఏటా తెలుగుకు ఒక్కరికే. మిగతావాళ్లందరూ ఆ సాయంత్రం నీరుగారిపోతారు. సంతోషపడవలసిన రోజది. మన భాషలో పిల్లల కోసం రాసినవాళ్లకు జాతీయ గుర్తింపు వచ్చిన రోజు. కానీ దానికోసమే రాస్తే మిగతా ఏడాదంతా ఎండాకాలమే.

నేను చేసేది చెబుతాను. మా మేడమీద సాయంత్రం పక్కింటి పిల్లలు ఆడుకుంటారు. ఆట అలసిపోయాక రాతప్రతి తీసి చదువుతాను. అచ్చు కాకముందే. పెన్సిలు చేతిలో ఉంటుంది. వాళ్ల చూపు పక్కకు పోయిన చోట అడ్డగీత. "మళ్లీ చదువు తాతా" అన్నచోట ఏమీ పెట్టను, ఆ వాక్యం ముట్టుకోను. వాన గురించి అరపేజీ వర్ణన రాశాను ఒకసారి, నాకు ఎంతో ఇష్టమైన అరపేజీ. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ వాళ్లు పక్క గోడమీద పిల్లిని చూశారు. తీసేశాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు ఆరో తరగతి. "ఆ దొంగ మళ్లీ వస్తాడా?" అని మెట్లమీద ఆపి అడుగుతాడు. వాడికి జవాబు చెప్పాలి కాబట్టి మర్నాడు పొద్దున్నే లేచి రాస్తాను. అంతకుమించి నాకు ఇంకేం అక్కర్లేకపోయింది.

ఇంకొకటి. ఇప్పుడు వస్తున్న పిల్లల పుస్తకాలు కొని చదవండి. మనలో చాలామంది మన చిన్నప్పటి చందమామ దగ్గరే ఆగిపోయాం. రాజు, మంత్రి, అడవి. మా మేడమీది పిల్లలకు లిఫ్టులో ఇరుక్కున్న ముసలమ్మ కథ కావాలి.

విశాఖ_కథలత్తయ్య:
తాతగారూ, మీ మాట చదివి రాతప్రతి బయటకు తీశాను. మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు రోజూ క్రికెట్ ఆడతారు, ఇన్నాళ్లూ వాళ్లను అరవకండి అనడమే తప్ప కథ చదవలేదు. ఈ ఆదివారం చదువుతాను.

ఇన్‌స్టా పేజీ పెట్టను. డల్లాస్ అమ్మాయి చెప్పినట్టు ఒక్క కథ నా గొంతుతో చదివి పెడతాను, మా అమ్మాయి రికార్డు చేస్తానంది. మంచం కింద కట్టల్లో కొన్ని బళ్లకు పంపాలనుంది. పాలమూరు సార్, మీ బడికి కూడా. పోస్టు ఖర్చే భయంగా ఉంది. ఇదివరకు రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ చవకగా ఉండేది, అది తీసేశారట కదా?

బెజవాడ_అచ్చు:
2024 డిసెంబరులో తీసేశారు. ఆ కొన్ని నెలలు మా బోటివాళ్లకు చుక్కలు కనిపించాయి. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంటుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మీది తేలిక పుస్తకం కాబట్టి ఐదు కిలోల కట్టలో బోలెడు పడతాయి. కౌంటర్లో జ్ఞాన్ పోస్ట్ అని పేరు పెట్టి అడగండి, లేకపోతే మామూలు పార్సెల్ రేటు వేస్తారు.

కొత్త సంవత్సరం రోజుల్లో బెజవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. నా స్టాల్లో ముందు బల్ల పిల్లల పుస్తకాలకే. యాభై కాపీలు పంపండి, అట్ట పైకి కనపడేలా పరుస్తాను. రెండో పుస్తకం 64 పేజీలు చెయ్యండి, అప్పుడు వీపు వస్తుంది, దాని మీద పేరు వేద్దాం.

చందమామ_పాఠకుడు:
వీపు కోసమని కథ సాగదీయకండి మేడమ్. పిల్లలు పట్టేస్తారు.

విశాఖ_కథలత్తయ్య:
సాగదీయను సార్. పక్కన పెట్టేసిన కథలు ఇంకా ఐదారు ఉన్నాయి. ముందు కింద క్రికెట్ వాళ్లకు చదువుతాను. వాళ్లు ఉంచమన్నవే ఉంటాయి, అప్పటికి ఎన్ని పేజీలు వస్తే అన్ని.