పార్లమెంటు ఓటు సరిహద్దు చూసి వేయాలా, పంట ధర చూసి వేయాలా?

అధ్యాపకుడు, అనంతపురం:

ఇంట్లో మొదలైన వాదన తెగక ఇక్కడికి తెస్తున్నాను. మా అబ్బాయి 2024 మే 13న మొదటిసారి ఓటు వేశాడు. పార్లమెంటు ఓటు దేశ భద్రతకు, యుద్ధానికి, విదేశాలతో సంబంధాలకు చెందినదని, ధరలూ నీళ్లూ అసెంబ్లీ ఓటుతో తేల్చుకోవాలని వాడి వాదన. పల్లెలో సేద్యం చేసే మా నాన్న ఒప్పుకోరు. పంటకు ధర లేనప్పుడు ఏ ఓటైనా ధర కోసమే వేయాలంటారు. మీరేమంటారు? పార్టీల పేర్లు వద్దు, కారణాలు రాయండి.

మాజీ హవల్దారు, కర్నూలు:

అబ్బాయి చెప్పిందే సరి. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు నేను కొండ కింద ఫిరంగి గుండ్లు మోశాను. ఆ యుద్ధంలో మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. వేరుశనగకు ఈ ఏడాది ధర లేకపోతే వచ్చే ఏడాది వస్తుంది. చేజారిన కొండ మళ్లీ కావాలంటే ఎన్ని ప్రాణాలు పోవాలో కళ్లారా చూశాను. ఎంపీగా నిలబడినవాడు సైన్యం గురించి ఏమి మాట్లాడతాడో ముందు అదే వింటాను. మిగతావి తరువాత.

రైతు, కళ్యాణదుర్గం:

హవల్దారు గారూ, నమస్కారం. మీరు మోసిన బరువు ముందు నా బస్తా ఎంత? అయినా "వచ్చే ఏడాది వస్తుంది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ ధర ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనివ్వండి.

మా ఊరికి వచ్చే వ్యాపారి కాయల కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి దోసెడు తీస్తాడు. పైన ఉన్నవి చూడడు. బొటనవేలితో నొక్కి ఒలిచి, పప్పు అరచేతుల మధ్య రుద్ది, పొట్టు ఊదేస్తాడు. నిండు గింజలు ఒక పక్కకు, ముడుచుకుపోయినవి మరో పక్కకు జరుపుతాడు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, అది అతని పని. ఆ తరువాత ఫోను చూసి, "కృష్ణపట్నంలో పామాయిల్ ఓడ దిగింది, ఈ వారం ఇంతే" అంటాడు. కదిరి లేపాక్షి విత్తనం వేసి, ఊడలు దిగే వేళకు చినుకు లేక మబ్బు వంక చూసి చూసి, చివరికి దక్కిన కాయలు కల్లంలో పోస్తే, వాటి ధర ఎక్కడో మలేషియాలో పిండిన నూనె తేలుస్తోంది.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి మించి బయటి నుంచే వస్తుంది. ఏటా సుమారు 160 లక్షల టన్నులు. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. ఆ ఓడ మీద ఎంత సుంకం వేయాలన్నది ఢిల్లీలో నిర్ణయిస్తారు. మా ఎమ్మెల్యేకు అందులో ఇసుమంత ప్రమేయం లేదు. అధ్యాపకులు గారూ, మీ అబ్బాయి ధరలను అసెంబ్లీ ఖాతాలో రాశాడు. మా పంట ధర మాత్రం పార్లమెంటు ఖాతాలోనే ఉంది.

సరిహద్దు సంగతి. హవల్దారు గారికి నాకంటే బాగా తెలుసు, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేనాటికి మనం అమెరికా గోధుమ మీద బతుకుతున్నాం. ఇస్తారో ఇవ్వరో తెలియకుండా ఆ గోధుమను కొద్దికొద్దిగా వదిలి మన మెడ వంచాలని చూశారు. లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు. "జై జవాన్, జై కిసాన్" ఆ రోజుల్లో పుట్టిన మాటే. ఆ రెండు పేర్లనూ ఆయన ఒక్క ఊపిరిలో పలికారు. ఈ చర్చలో మనం వాటిని విడదీసి, ఏది ముందు, ఏది వెనక అని అడుగుతున్నాం. గోధుమలో గెలిచి నూనెలో అదే చోటికి వచ్చి నిలబడ్డాం. నా దృష్టిలో ఇది కూడా దేశ భద్రతే.

ఇంకొకటి. 1999 నుంచి మన దగ్గర అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకే రోజు పోలింగు. బూత్‌లో రెండు యంత్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఎమ్మెల్యే యంత్రం మీద ఏ గుర్తు నొక్కితే రెండోదాని మీదా అదే నొక్కి బయటికి వస్తాం. నేనూ చాలాసార్లు అలాగే వేశాను. రెండో ఓటు గురించి విడిగా ఆలోచించే అలవాటే పోయింది. మన సీమ మొదటి నుంచి ఇలా లేదు. 1977లో ఉమ్మడి రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, నంద్యాల ఒక్కటి మా అనంతపురం జిల్లాలో పుట్టిన నీలం సంజీవరెడ్డిని జనతా పార్టీ తరఫున పంపింది. 1991లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావును అదే నంద్యాల 5 లక్షలకు పైగా ఆధిక్యంతో లోక్‌సభకు పంపింది. ఢిల్లీ ఓటును ఢిల్లీ ఓటుగా వేసిన నేల ఇది.

టిఫిన్ సెంటరు నడిపే అక్క, అనంతపురం:

అన్నా, మీ బాధ అర్థమైంది. నా పొయ్యి దగ్గరికి కూడా ఒకసారి రండి. పొద్దున ఉగ్గాని, బజ్జీ వేస్తాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. నెల తిరగకుండా లీటరు నూనె రెండు వందల దగ్గరికి చేరింది. ఆ ఏప్రిల్ ఆఖరులో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మూడు వారాలు దాటాక గానీ వదలలేదు. ఆ రోజుల్లో బజ్జీ సైజు తగ్గించాను, ప్లేటు ధర పెంచాను, అయినా మిగల్లేదు. రోజూ వచ్చే హమాలీలు బజ్జీ మానేసి ఉత్త ఉగ్గాని తిని వెళ్లారు. అప్పుడు ప్రభుత్వం సుంకం తీసేయబట్టి ఊపిరి పీల్చుకున్నాం. మీరు సుంకం పెంచమంటే మా నెత్తిన నూనె డబ్బా పెట్టినట్టే. రైతు ఒక్కడే ఓటరా?

రైతు, కళ్యాణదుర్గం:

అక్కా, ఆ హమాలీల మాట నన్ను గుచ్చింది. వాళ్లలో సగం మంది మా లాంటి పల్లెల నుంచి వాన లేక వచ్చినవాళ్లే. 2022 మే నెలలో సోయా, పొద్దుతిరుగుడు ముడి నూనెలు ఏడాదికి చెరి 20 లక్షల టన్నులు రెండేళ్ల పాటు సుంకం లేకుండా రావచ్చన్నారు. ఆ సమయానికి ఆ పని సరైనదే. నేనే ఢిల్లీలో ఉన్నా అదే చేసేవాణ్ని.

నా ఫిర్యాదు దాని తరువాతి సంగతి మీద. ఆ ఏడాది సగం దాటేసరికి ప్రపంచంలో నూనె ధర దిగడం మొదలుపెట్టింది. 2023లో బాగా పడిపోయింది. సుంకం మాత్రం ముడి నూనె మీద సెస్సులతో కలిపి 5.5 శాతం దగ్గరే ఉండిపోయింది. వరదకు ఎత్తిన గేటు వరద తీశాక దించాలి కదా? ఎన్నికలు ముగిసి, 2024 సెప్టెంబరు 14న ఒక్కసారిగా 27.5 శాతం చేశారు. మళ్లీ 2025 మే నెలాఖరులో 16.5కు దించారు. ఆ కబురు వచ్చిన రోజు మా ఇంటి అరుగు మీద ఆడవాళ్లు విత్తనం కాయలు ఒలుస్తున్నారు. అప్పటికే డబ్బు పెట్టి కొన్న విత్తనం. ఇంకేమి వేయాలి? మా నల్లరేగడి కాని నేలలో, 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, చెనిక్కాయ (వేరుశనగ) కాకపోతే కంది, అదీ కాకపోతే బీడు. విత్తే ముందు ఒక ధర, కోసేటప్పుడు ఒక ధర అయితే ఏ రైతు నిలుస్తాడు?

మాజీ హవల్దారు, కర్నూలు:

ఒక ప్రశ్న. సెప్టెంబరులో సుంకం పెంచారని మీరే రాశారు. ఆ తరువాత మీకు ధర వచ్చిందా? కర్నూలు మార్కెట్ యార్డులో ఆ శీతాకాలం రైతులు గొణుక్కోవడం నేను విన్నాను.

రైతు, కళ్యాణదుర్గం:

రాలేదు. నిజం దాచను. 2024-25కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలు 6,783 రూపాయలు. నా కాయలు 5,700కు అమ్మాను. పెంచుతారని పసిగట్టినవాళ్లు పాత సుంకంతోనే సరుకు దింపి పెట్టుకున్నారు, పైగా ఆ ఏడాది గుజరాత్‌లో పంట విరగకాసింది. మద్దతు ధర కాగితం మీద ఉంటే చాలదు, కొనేవాడు ఉండాలి. కేంద్రం కొనుగోలు పథకంలో పంట దిగుబడిలో నాలుగో వంతుకు మించి కొనకూడదని పరిమితి పెట్టుకున్నారు. మిగిలిన మూడు వంతులు ఎవరికి అమ్మాలి? కొనుగోలు కేంద్రం తెరిచే లోపే అప్పు తీర్చడానికి అమ్ముకునేవాళ్లే మా ఊళ్లో ఎక్కువ. నేనూ వాళ్లలో ఒకణ్ని.

1986లో నూనెగింజల మిషన్ పెట్టినప్పుడు కొన్నేళ్లలోనే దేశం దాదాపు తన నూనె తానే పండించుకుంది. మా నాన్న ఆ రోజులను ఇప్పటికీ తలుచుకుంటారు, మా పాత ఇంటికి మిద్దె వేసింది అప్పుడే. ఆ విత్తనం, ఆ రైతు, ఆ నేల ఎక్కడికీ పోలేదు. 1994 తరువాత తలుపులు తెరిచి, సుంకాలు దించుకుంటూ పోయారు. 2024 అక్టోబరులో మళ్లీ 10 వేల కోట్లకు పైగా డబ్బుతో ఇంకో మిషన్ ప్రకటించారు. సంతోషమే. విత్తనం ఇచ్చే చెయ్యి, సుంకం దించే చెయ్యి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఈసారీ అదే జరుగుతుందని నా భయం.

రాయచోటి వాసి, కువైట్:

యుద్ధం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాలుగు మాటలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మా నాన్న ఇక్కడే డ్రైవరు. సుమారు 1.7 లక్షల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. మా నాన్న ఒంటి మీది బట్టలతో బొంబాయిలో దిగారు, రెండేళ్ల జీతం ఇక్కడే పోయింది. చమురు ధర పెరిగి, గల్ఫ్ డబ్బు ఆగి, మరుసటి ఏడాది దేశమే బంగారం తాకట్టు పెట్టింది. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు ఇక్కడ విమానాలు ఆపేశారు. మా ఆవిడ తెల్లవారే దాకా ఫోను పెట్టలేదు. కడప, రాయచోటి, రాజంపేట పల్లెల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఢిల్లీ ఎవరితో స్నేహం చేస్తుంది, ఎవరితో చెడగొట్టుకుంటుంది అన్నది మాకు అన్నం ప్రశ్న. అయినా ఓటు వేయాలంటే మేము స్వయంగా ఊరికొచ్చి బూత్‌లో నిలబడాలి. టికెట్టు ఖర్చు పెట్టి ఎంతమంది రాగలరు?

టిఫిన్ సెంటరు నడిపే అక్క, అనంతపురం:

సరే అన్నా, ఎంపీగా నిలబడినవాళ్లు మీ ఊరికి వస్తే ఏమి అడుగుతారు? నాకూ పనికివచ్చేలా చెప్పండి.

రైతు, కళ్యాణదుర్గం:

అక్కా, 2024లో ప్రచారం బండి మా రచ్చబండ దగ్గర ఆగినప్పుడు అడిగాను, నూనె మీద సుంకం గురించి మీ అభ్యర్థి ఏమంటారని. మైకు పట్టుకున్నాయన "అది ఢిల్లీ విషయం" అన్నారు. ఢిల్లీకి పంపమని కదా మీరు అడుగుతున్నది అన్నాను. పాట పెట్టి బండి కదిలించారు.

ఈసారి ఇలా అడుగుతాను. వేరుశనగ ధర మద్దతు ధర కంటే కిందికి పోయిననాడు సుంకం దానంతట అది పెరగాలి. అంగట్లో నూనె ధర ఒక గీత దాటిననాడు దానంతట అది దిగాలి. ఆ రెండు గీతలూ జూన్‌లో మేము విత్తకముందే ప్రకటించాలి. ఎన్నికల తేదీతో వాటికి సంబంధం ఉండకూడదు. మీ గీత ఎక్కడ ఉండాలో మీరు రాయండి, మీ పొయ్యి లెక్క నాకు తెలియదు. కొనుగోలుకు నాలుగో వంతు పరిమితి ఎందుకో కూడా చెప్పమంటాను. రాయచోటి అన్న ఓటు సంగతి చేరుస్తాను. నాకు ఇంతవరకు అది తట్టనే లేదు.

మాజీ హవల్దారు, కర్నూలు:

సైన్యం మొదటి ప్రశ్న అన్నది నేను మార్చుకోను. 1965 గురించి మీరు రాసింది మాత్రం కాదనలేను. మావాళ్లు కొండ మీద ఉన్నప్పుడు కింద నుంచి వెళ్లే రేషను ఒక్క రోజు ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ ప్రశ్నలు ఒక కాగితం మీద తేలిక తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి. మా మాజీ సైనికుల నెలవారీ సమావేశంలో చదివి వినిపిస్తాను.

రైతు, కళ్యాణదుర్గం:

తప్పకుండా హవల్దారు గారూ. అక్క తన గీత రాసి పెట్టగానే చేర్చి, ఆదివారంలోపు ఇక్కడ పెడతాను.