యూదు మతంలోకి మారాలంటే నిష్ఠ తప్పనిసరా?

ప్రశ్న: హీబ్రూ ప్రార్థనలు, పండగలు, చరిత్ర శ్రద్ధగా నేర్చుకుని, ఆచారాలు మాత్రం వీలైనంతే పాటిస్తామనేవాళ్లని రబ్బీలు (యూదు మతగురువులు) చేర్చుకుంటారా? సున్నతి, స్నానం అయిపోతే మారినట్టేనా? పెళ్లి కోసం మారేవాళ్ల సంగతేంటి?

జవాబు 1: ఆర్థడాక్స్, అంటే సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకునే శాఖ పద్ధతిలో కుదరదండి. మగవాళ్లకి సున్నతి, అందరికీ మిక్వాలో (కర్మస్నానపు కొలనులో) మునక, ముగ్గురు కూర్చునే బేత్ దీన్ (మత న్యాయసభ) ముందు మతపు ఆజ్ఞలను ఒప్పుకోవడం, ఈ మూడూ ఉండాలి. అసలు పట్టు మూడోదే. మునక పొరపాటున రాత్రి జరిగినా, జరిగాక చెల్లుతుందని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్ చెబుతుంది. ఒప్పుకోలు మాత్రం పగలు, ముగ్గురి ఎదుటే జరగాలి; లేకపోతే మారినట్టే కాదు. ఒక్క ఆజ్ఞ తప్ప అన్నీ పాటిస్తానన్నా చేర్చుకోవద్దని తాల్ముద్ (పాత రబ్బీల చర్చల గ్రంథం) మాట.

అందుకే బేత్ దీన్ అడిగేవి పుస్తకం ప్రశ్నలే కావు. శుక్రవారం పొద్దుగూకాక ఇంట్లో ఏం చేస్తారు? మాంసానికీ పాలకీ గిన్నెలు వేరుగా ఉన్నాయా? సినగాగుకి (ప్రార్థనాలయానికి) నడిచి వెళ్లగలరా? సబ్బాతునాడు (శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం) బండెక్కకూడదు కాబట్టి ఇల్లు దూరమైతే అక్కడే ఆగిపోతుంది. ఎంత చదివినా చాలామంది వెనక్కి వచ్చేది ఇక్కడే. పండగలన్నీ ఒక్కసారైనా చుట్టి రావాలి కాబట్టి కనీసం ఏడాది పట్టడం మామూలే.

జవాబు 2: పై మాట నిజమే. కానీ చదివి బెదిరిపోకండి. యూదు మతం చెప్పే 613 ఆజ్ఞలూ ముందే కంఠతా రావాలని ఎవరూ అనరు. తేలికవి కొన్ని, కఠినమైనవి కొన్ని చెప్పి, యూదులు పడ్డ కష్టాలు గుర్తుచేసి, అయినా వస్తానంటే చేర్చుకోమని తాల్ముదే (యెవామోత్ 47) చెబుతోంది. ఒప్పుకుని బలహీనత వల్ల తప్పడం వేరు, ఇది నాకు పట్టదని ముందే తీసేయడం వేరు.

పెళ్లి కోసమే వచ్చారేమో విచారించాలని మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ రాశాడు. అయితే సరిగ్గా మారినవాళ్లు తర్వాత ఆచారం వదిలేసినా యూదులుగానే మిగులుతారనీ ఆయనే రాశాడు. అందుకే రబ్బీలు గడప దగ్గరే అంత గట్టిగా నిలబడతారు.

ఇంకోటి: మారేదాకా సబ్బాతుని పూర్తిగా పాటించకూడదు. లైటు వేయడంలాంటి, ఆ రోజు యూదులు చేయకూడని చిన్న పనైనా ఒకటి చేయమంటారు.

మునకకి ముందు ఉంగరం, గోళ్ల రంగు, కట్టు, జుట్టు చిక్కులు తీసేయాలి. నీటికీ ఒంటికీ మధ్య ఏదీ అడ్డుండకూడదు. వెంట్రుకలు పైకి తేలినా మళ్లీ మునగాల్సిందే. ముందే సున్నతి అయినవాళ్లకి అక్కడ ఒక్క రక్తపుచుక్క తీస్తారు. కొత్తగా చేయించుకున్నవాళ్లు పుండు మానాకే మునగాలి.

జవాబు 3: అన్ని శాఖలూ ఒకటి కాదు. ఆర్థడాక్స్‌కన్నా కొంత సడలింపున్న కన్సర్వేటివ్ శాఖవాళ్లు కూడా సున్నతి, మిక్వా, బేత్ దీన్ తప్పదంటారు. ఇంకా ఉదారమైన రిఫార్మ్ శాఖలో, అమెరికా రబ్బీలు 1893లోనే ఈ కర్మలు తప్పనిసరి కావని తీర్మానించారు. ఇప్పుడు వాళ్లలోనూ చాలామంది మిక్వాకి పంపుతున్నారు. ఆజ్ఞల్లో ఏది ఎలా పాటించాలన్నది అక్కడ చాలావరకు మనిషి ఆలోచనకే వదిలేస్తారు. దేవుడి గురించి సందేహాలున్నా పైకే చెప్పొచ్చు, దాస్తేనే చిక్కు.

ఇజ్రాయెల్ లోపల జరిగే రిఫార్మ్, కన్సర్వేటివ్ మార్పిళ్లని పౌరసత్వానికి ఒప్పుకోవాలని ఆ దేశ సుప్రీంకోర్టు 2021 మార్చిలో తీర్పిచ్చింది. కానీ అక్కడ యూదుల పెళ్లిళ్లు రబ్బినేట్ (ఆర్థడాక్స్ రబ్బీల అధికార సంస్థ) చేతిలో ఉన్నాయి, వాళ్లు ఈ మార్పిళ్లని లెక్కచేయరు. కాబట్టి ఎక్కడ ఉండబోతున్నారు, ఏ సినగాగులో చేరబోతున్నారు అనేది ముందు తేల్చుకుని, ఆ శాఖ రబ్బీ దగ్గరికే వెళ్లండి. ఒకచోట మొదలుపెట్టి మధ్యలో ఇంకోచోటికి మారితే చాలాసార్లు మొదటికే వస్తుంది.