సంక్రాంతి 14నా, 15నా? అమెరికాలో ఉన్నవాళ్లు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న:
2026లో రెండు తెలుగు రాష్ట్రాల సెలవుల జాబితాల్లోనూ భోగి 14, సంక్రాంతి 15. ఆన్‌లైన్ పంచాంగాల్లో మాత్రం సంక్రాంతి 14నే. న్యూజెర్సీలో ఏ రోజు చేసుకోవాలి? తర్పణాలు ఉన్నాయి కాబట్టి శనివారానికి జరుపుకుంటే కుదరదు. ఊళ్లో పెద్దవాళ్లకి శుభాకాంక్షలు ఎప్పుడు చెప్పాలి?

జవాబు 1:
తేడా అంతా గణితంలో ఉందండి. దృక్ గణితం (ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిపోయే లెక్క) ప్రకారం సూర్యుడు మకరంలో ప్రవేశించేది, అంటే సంక్రమణం, 14 మధ్యాహ్నం 3 దాటాక. పాత సూత్రాలతో లెక్కకట్టే పూర్వపద్ధతి పంచాంగాల్లో అది సూర్యాస్తమయం తర్వాతకి పోతుంది. సూర్యుడు రోజుకి సుమారు ఒక డిగ్రీ నడుస్తాడు. లెక్కలో పావు డిగ్రీ తేడా వస్తే ఆరు గంటలు మారినట్టే. అస్తమయం దాటాక సంక్రమణమైతే స్నానం, తర్పణాలు చేసే పుణ్యకాలం మర్నాడే, అందుకే 15. ఇంట్లో వాడే పంచాంగాన్నే నమ్ముకోండి. భోగికి ఒకటి, సంక్రాంతికి ఇంకొకటి చూస్తే మధ్యలో ఒక రోజు ఖాళీ పడుతుంది, లేదా రెండూ ఒకే రోజు మీద పడతాయి.

జవాబు 2:
న్యూజెర్సీకి ఈ గొడవే లేదు. తారీఖుని కాదు, సంక్రమణ సమయాన్ని మార్చుకోవాలి. చలికాలంలో భారత సమయం నుంచి పదిన్నర గంటలు తీసేయండి (కాలిఫోర్నియాకైతే పదమూడున్నర). మధ్యాహ్నం 3:13 అంటే మీకు 14 తెల్లవారుజామున 4:43. పూర్వపద్ధతిలో రాత్రి 9 అని ఉన్నా మీకు 14 ఉదయం 10:30. న్యూజెర్సీలో సూర్యాస్తమయం ఐదింటికి కాస్త ముందు, కాబట్టి ఎలా చూసినా 14నే సంక్రాంతి, 13న భోగి. చాలామంది ఊరి కేలండర్ తారీఖులోంచి గుడ్డిగా ఒక రోజు తీసేస్తారు, లేదా ఫోన్ యాప్‌లో ఊరు హైదరాబాద్ అనే ఉంచేస్తారు. తర్పణాల విషయంలో అది పెద్ద పొరపాటు.

శుభాకాంక్షలు మాత్రం వాళ్ల పొద్దుని బట్టే చెప్పాలి. ఊళ్లో 14 తెల్లవారుజామున ఐదింటికి భోగిమంట వెలిగేసరికి మీకు 13 సాయంత్రం ఆరున్నర. అప్పుడు వీడియో కాల్ చేస్తే మంట దగ్గరే అందరూ దొరుకుతారు.

జవాబు 3:
14 అనేది శాశ్వతమైన తారీఖు కాదని కూడా గుర్తుంచుకోండి. నక్షత్రాలతో కొలిచే ఏడాది ఇంగ్లిష్ ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు పెద్దది, అంటే సంక్రాంతి దాదాపు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున తర్వాతి తారీఖుకి జరుగుతుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 సంక్రాంతి రోజే. 2027లో దృక్ ప్రకారం కూడా ఇండియాలో సంక్రమణం 14 రాత్రికి పడుతుంది. అప్పుడు ఇక్కడ 15, న్యూజెర్సీలో 14.